సముద్రపు పువ్వుకు రాగి నీళ్లు

ఆరేడేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. దానితోనే అన్నం తింటున్నాను, పండగలకు సకినాలు చుడుతున్నాను, రెండో బిడ్డను కూడా కన్నాను. పెద్ద నేరమేమీ కాదు, భయపడకండి. ఎవరి ప్రాణమూ పోలేదు. అంటే, మనుషుల ప్రాణం పోలేదు. పోయింది ఒక పువ్వు ప్రాణం. కానీ పువ్వు చావడం నా తప్పులో చిన్న భాగమే. పెద్ద భాగం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. బహుశా మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు గాజు తొట్టిలో సముద్రం పెడతానని పట్టుబట్టి ఉంటారు. ఈమధ్య మా వైపు ఆ పిచ్చి మెల్లగా పాకుతోంది. దానికి కారణం మా మామయ్యే. సలహా కోసం వచ్చేవాళ్లకు మొన్నమొన్నటిదాకా ఆయన అన్నీ సరిగానే చెప్పేవారు, ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట తప్పు ఆయనది కాదు, నాది. అందుకని సలహాను, ఒప్పుకోలును విడదీయడం నాకు చేతకావడం లేదు. రెండూ కలిపే ఈ పత్రికకు రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయారు. చిన్నది లేచేలోపు ఎంత రాయగలిగితే అంత.

మా మామయ్య కరీంనగర్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. సీసాల్లో చచ్చి తెల్లబడ్డ నక్షత్ర చేపల్ని, ఎండిన పగడపు ముక్కల్ని చూపించి పాఠాలు చెప్పీ చెప్పీ ఆయనకు విసుగొచ్చింది. సముద్రం ఎప్పుడూ చూడని పిల్లలకు పగడం ఒక జంతువని చెబితే వాళ్లు పరీక్షలో రాస్తారు తప్ప నమ్మరని ఆయన బాధ. నేను కోడలిగా వచ్చేసరికి ముందు గదిలో, సోఫా ఉండాల్సిన చోట, మంచమంత పొడుగు గాజు తొట్టి ఖాళీగా కూర్చుని ఉంది.

చొప్పదండి నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, నన్ను చూడ్డానికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయింది. మా అత్తమ్మ చాప పరుస్తూ అంది, "గీడ కూసో వదినె. మా ఇంట్ల చేపలకే కుర్సీలు. మనుషులకు చాపలు."

మా అత్తమ్మను పరిచయం చేయడానికి ఈ ఒక్క మాట చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరూ చేసే మొదటి తప్పు, చిన్న తొట్టితో మొదలుపెట్టడం. చిన్నదైతే సులువనుకుంటారు. కాదు. గ్లాసు మజ్జిగలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే నాలుకకు తెలుస్తుంది, కుండెడు మజ్జిగలో తెలియదు. నీళ్లు ఎక్కువుంటే మీ పొరపాట్లను అవి కొంతకాలం ఓర్చుకుంటాయి. కొంతకాలమే. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇక బరువు సంగతి. అంత తొట్టి నిండితే రెండు బర్రెలంత బరువు. మామయ్య దాన్ని గ్రానైట్ పలకల మీద పెట్టించారు. రాయికి మా జిల్లాలో కొదవేముంది? కింద నేల సమంగా ఉందో లేదో నీళ్లు పోసి చూసుకోవాలి. ఒక మూల వేలెడు వంగినా ఎప్పుడో ఒకనాడు గాజు పగులుతుంది.

సముద్రం మా ఇంటికి లారీల్లో వచ్చింది. మా వైపు క్వారీల నుంచి గ్రానైట్ బండలు కాకినాడ రేవుకు పోతాయి. మామయ్య దగ్గర చదివిన ఒకతనికి అలాంటి లారీలున్నాయి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కొత్త ప్లాస్టిక్ డ్రమ్ముల్లో సముద్రం నీళ్లు నింపుకుని వచ్చేవి. ఒడ్డు నీళ్లు కాదు, పడవ మీద లోపలికి పోయి తెచ్చినవి. వాటిని వెంటనే తొట్టిలో పోయకూడదు. మూతలు పెట్టి చీకట్లో కొన్ని వారాలు ఉంచితే కంటికి కనబడని నలుసులన్నీ అడుక్కు దిగుతాయి. పైతేట మాత్రమే తీసుకోవాలి. ఆ డ్రమ్ములు మా వెనక గదిని మొత్తం ఆక్రమించాయి.

"రాళ్లు పంపి నీళ్లు తెచ్చుకుంటున్నం," అని అత్తమ్మ వీధంతా చెప్పింది. "అవి గూడ తాగెతందుకు పనికిరానియి."

తర్వాత రాళ్లు వచ్చాయి. రామేశ్వరం వైపు సముద్ర జీవాల మీద పనిచేసే మామయ్య స్నేహితుడొకాయన తడి గోనెసంచుల్లో చుట్టి రైల్లో పంపారు. వాటిని బతికున్న రాళ్లంటారు. పగడాల పాత ఎముకల్లాంటివి, వాటి సందుల్లో వేల ప్రాణులుంటాయి. వాసన ఎలా ఉందంటే, పక్కింటివాళ్లు మా ఇంట్లో ఏదో చచ్చిందని వెతకడానికి వచ్చారు.

రాళ్లు పెట్టాక చేపలు వేయకుండా ఆగాలి. చేప వదిలిన మలినాన్ని తిని విషం కాకుండా చేసే సూక్ష్మజీవులు ముందు ఆ రాళ్లలోనూ ఇసుకలోనూ స్థిరపడాలి. అవి స్థిరపడకముందే తొందరపడి చేపల్ని వేస్తే, వాటి మలినంలోనే అవి చస్తాయి. ఈ ఎదురుచూపులోనే చాలామంది ఓడిపోతారు. వీధిలోవాళ్లు వరసగా వచ్చి, ట్యూబ్‌లైట్ల కింద మెరిసిపోతున్న రాళ్లను చూసి, ఏమనాలో తెలియక ముఖాలు చూసుకునేవారు.

"చేపలేవి అక్కా?" అని ఒకామె అడిగింది.

"ఇంక పుట్టలే," అంది అత్తమ్మ. "మీ సారు మంత్రసానితనం జేస్తుండు. జర ఆగుర్రి."

చివరికి చేపలు, చిన్న రొయ్యలు, బతికున్న పగడాలు వచ్చాయి. వాటితో పువ్వు వచ్చింది.

అది నిజానికి పువ్వు కాదు, జంతువు. సీ అనిమోన్ అంటారు మామయ్య. మాకు మాత్రం పువ్వే. పళ్లెమంత వెడల్పు, వందల మెత్తటి వేళ్లు, వేళ్ల కొసలకు వంగపూత రంగు. రాయిని పట్టుకుని రోజంతా నీళ్లలో ఊగేది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు దాని వేళ్ల మధ్య కాపురం పెట్టాయి. అత్తమ్మ మొదటి రోజు దాన్ని చూసి ఒక్క వెటకారం కూడా చేయలేదు. అది చాలు, ఆమె ఎంతగా మెత్తబడిందో తెలియడానికి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి, ముందు మామయ్యకు కాక తొట్టికి పలకరింపు. "మా పువ్వు తిన్నదా?" పుల్ల కొసకు రొయ్య ముక్క గుచ్చి తనే పెట్టేది. పువ్వు వేళ్లన్నీ మెల్లగా ముడుచుకుని ఆ ముక్కను మింగుతుంటే, "సూడు, ఎంత సక్కగ తింటదో. నీకన్న నయం," అని నన్ను దెప్పేది.

ఆ ఏడే మా పెద్దది పుట్టింది.

ఇప్పుడు ఊదు గురించి చెప్పాలి. మా వైపు చంటిపిల్లలకు నీళ్లు పోయడం ఒక విద్య. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లతో రుద్ది రుద్ది పోస్తారు. తర్వాత కుంపటిలో నిప్పుల మీద ఊదు, అదే సాంబ్రాణి, చల్లి, ఆ పొగ బిడ్డ తలకు, ఒంటికి పట్టిస్తారు. అత్తమ్మ ఆ విద్యలో పేరున్న మనిషి. ఆమె చెయ్యి పడితే పిల్లలు ఏడవరని, పొద్దెక్కేదాకా నిద్రపోతారని వీధివీధంతా నమ్మకం. బాలింతలున్న ఇళ్ల నుంచి పిలుపులు వచ్చేవి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆమె బయలుదేరుతుంటే కలెక్టరు తనిఖీకి పోతున్నట్టుండేది.

మరి నేను? నేను తొలిచూలు తల్లిని. బీఎస్సీ చదివాను. రాత్రిళ్లు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేదాన్ని. ముందు గదిలో కుంపటి రాజుకుని, తెల్లటి పొగ లేచి, అందులోంచి నా బిడ్డ దగ్గు వినబడితే గుమ్మం దాకా ఉరికి అక్కడే ఆగిపోయేదాన్ని. పిల్లల డాక్టరు మాటల మధ్య ఒకసారి, పొగ ఎక్కువ పట్టించకండి అన్నారు. ఆ మాట ఇంటికి తెచ్చి అత్తమ్మ ముందు పెట్టడం నావల్ల కాలేదు. పొగ కొంచెం తగ్గించండి అత్తమ్మా. ఎన్ని మాటలు? నాలుగు. వంటింట్లో గోడకు చెప్పి చూసుకున్నాను. గోడ ముందు బాగానే వచ్చాయి.

ఎండాకాలం వచ్చింది. మా ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తొట్టికి ఎండాకాలం గండం. నీళ్లు వేడెక్కకుండా సీసాల్లో మంచు గడ్డకట్టించి తేలవేసేవాళ్లం. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది, నీళ్లకు గాలి అందదు. అప్పుడు ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి. చంకలో బిడ్డ, చేతిలో మగ్గు, నోట్లో జోల. నా భర్త ఉద్యోగం ఆసిఫాబాద్‌లో. వారానికోసారి వచ్చి, "మా ఇంట్ల సముద్రానికి గూడ జోల పాడుతరా?" అని నవ్వి పోయేవాడు.

ఇంకో సంగతి, ఇదే ముఖ్యం. ఎండకు తొట్టిలో నీళ్లు ఆవిరైతే, పోయేది మంచినీళ్లే. ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లే కలపాలి, ఉప్పునీళ్లు కాదు. మామయ్య పరీక్ష పేపర్లు దిద్దడానికి వరంగల్ పోతూ ఆ పని నాకు అప్పగించారు. కాచి చల్లార్చి వడగట్టిన నీళ్లు ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి పెట్టారు. "లోహం తగులొద్దు బిడ్డా," అన్నారు.

లోహం అంటే నా మనసులో ఇనుము, తుప్పు పట్టిన బకెట్. రాగి కూడా లోహమేనని తెలియక కాదు, రసాయన శాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ మా రాగి బిందెను నేనెప్పుడూ లోహంగా చూడలేదు. అది బిందె. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి శుద్ధి అవుతాయని మా అవ్వ చెప్పింది, వాళ్ల అవ్వ చెప్పింది. డబ్బాల్లో నీళ్లు అయిపోయాయి. కుళాయి నీళ్లకు బ్లీచింగ్ వాసన. అప్పుడు నాకు తోచింది ఏమిటంటే, ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన నీళ్లు నా బిడ్డ కోసం రాగి బిందెలో ఉంచినవే కదా అని. ఆ బిందెను చింతపండుతో తోమి తోమి బంగారంలా మెరిపించేదాన్ని. అవే పోశాను. ఆ రోజుకు, మర్నాటికి, ఆ పైన రోజూ. నా బిడ్డకు తాగించే నీళ్లే పువ్వుకూ పోస్తున్నానని లోపల గర్వంగా కూడా ఉండేది.

మొదట చిన్న రొయ్యలు కనబడలేదు. రాళ్లలో దాక్కున్నాయనుకున్నాను. తర్వాత పగడాలు ముడుచుకున్నాయి. ఎండకనుకున్నాను. తర్వాత పువ్వు రొయ్య ముక్కను తీసుకోవడం మానేసింది. అత్తమ్మ పుల్ల పట్టుకుని బతిమాలింది. "తిను బిడ్డ. ఒక్క బుక్క తిను." దాని వేళ్లు గాలి పోయిన బుడగల్లా వేలాడాయి. మామయ్య వరంగల్ నుంచి వచ్చిన రోజు అది రాయిని వదిలేసి అడుగున పడి ఉంది. చేపలు రెండూ దాని చుట్టూ తిరుగుతున్నాయి. వాటికేమీ కాలేదు.

మామయ్య చేతులు మోచేతులదాకా ముంచి పువ్వును బయటికి తీశారు. సంచీ భుజం మీద అలాగే ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"బిడ్డా, జర యాదికి తెచ్చుకో. నీళ్లకు రాగి ఏమన్న తగిలిందా?"

ఆ ఒక్క క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. బిందె, చింతపండు, మెరుపు, అన్నీ.

"లేదు మామయ్యా," అన్నాను.

"తీగ గాని, చెంబు గాని?"

"లేదు. మీరు జెప్పినట్టే వోసిన."

ఇంతవరకూ అది భయం. భయంతో ఆడిన అబద్ధాన్ని నేను క్షమించుకోగలను. మీరూ క్షమిస్తారేమో. కానీ సరిగ్గా అప్పుడే అత్తమ్మ బిడ్డకు నీళ్లు పోసి కుంపటి పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. ఊదు పొగ తొట్టి మీదుగా పాకింది. మామయ్య ఆ పొగను చూశారు, గోడకున్న పంపును చూశారు.

"గీ పంపు గాలి యాడికెల్లి గుంజుతది?" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

ఆయన నన్ను అడగలేదు. నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"గీ ముందటి అర్రలకెల్లే మామయ్యా," అన్నాను. "అత్తమ్మ రోజు కుంపటి దాని పక్కన్నే వెడ్తది."

రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో! గోడ ముందు తప్ప రాని నాలుగు మాటలున్నాయి చూశారూ, వాటికంటే ఎంతో సులువుగా వచ్చింది.

"నా ఊదా?" అంది అత్తమ్మ. "నా ఊదు పొగతోని సచ్చిందా నా పువ్వు?" ఆమె కుంపటిని వాకిట్లోకి తీసుకుపోయి చెంబెడు నీళ్లు పోసింది. నిప్పులు చుయ్యిమన్నాయి. తర్వాత లోపలికి వచ్చి చాప మీదున్న బిడ్డను ఎత్తి నా చేతికిచ్చింది.

మర్నాటి నుంచి ఇంట్లో పొగ లేదు. నా బిడ్డ దగ్గలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇదీ అసలు సంగతి. ఒక్క అబద్ధంతో నా తప్పు కప్పుకున్నాను, నాకు గిట్టని పొగనూ ఇంట్లోంచి పంపేశాను. చచ్చిన పువ్వు నాకు రెండు విధాలా పనికొచ్చింది.

పొగ నిజంగానే పువ్వుకు మంచిది కాదేమో, ఏమో, అని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా ప్రయత్నించాను. పంపు గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టుకోవడం మంచిదే, మీరూ అలాగే పెట్టుకోండి. దోమల మందు కొట్టేటప్పుడు తొట్టి మీద తడిగుడ్డ కప్పండి. కానీ మా పువ్వును చంపింది పొగ కాదు. చేపలు బతికి, రొయ్యలూ పగడాలూ పువ్వూ మాత్రమే చావడం రాగి చేసే పని. ఆ సంగతి ఆ తర్వాత ఒకరోజు మామయ్య పాఠ్యపుస్తకంలో చదివాను. పుస్తకం మూసేశాను. అంతే చేశాను.

మామయ్య నీళ్లన్నీ మార్పించారు. మళ్లీ పువ్వు తెప్పించడానికి మనసు రాలేదు. చేపలు మాత్రం బాగా పెరిగాయి. పువ్వు లేని ఆ రెండూ గాలి బుడగలొచ్చే రాయి పక్కకు కాపురం మార్చాయి. జనం చూడ్డానికి వస్తూనే ఉన్నారు. కొందరు మేమూ పెడతామన్నారు. మామయ్య వాళ్లను కూర్చోబెట్టి ఓపికగా చెప్పేవారు. పెద్ద తొట్టి తీసుకోండి. నీళ్లను చీకట్లో ఉంచండి. రాళ్లు పెట్టి ఆగండి. మేత తక్కువ వేయండి, చేప ఎప్పుడూ ఆకలిగానే కనబడుతుంది, నమ్మకండి. చివరగా, ఇంట్లో ఊదు వేయకండి.

లోపల్నుంచి అత్తమ్మ గొంతు వినబడేది. "నా పేరు గూడ జెప్పుండ్రి. పువ్వును సంపిన ముసల్ది లోపట్నే ఉన్నది, సూసి పోర్రి అని."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆమె వెటకారం చేస్తోందంటే ఏమీ అనుకోవడం లేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. కానీ బాలింతల ఇళ్ల నుంచి పిలుపులు వస్తే ఆమె పోవడం తగ్గించింది. మోకాళ్ల నొప్పులంది. తర్వాత అసలే మానేసింది. మా చిన్నది పుట్టినప్పుడు నేను బిడ్డను తీసుకెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నీళ్లు పోస్తుందని.

"వద్దు తీయ్యి," అంది. "నా చెయ్యి మంచిగ లేదు. గంత పెద్ద పువ్వే ఆగలే. పసిగుడ్డు ఆగుతదా?"

ఈసారి వెటకారం లేదు. బిడ్డ బుగ్గను వేలితో ఒకసారి తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి అలా వెనక్కి పోవడం చూశాక నాకు అన్నం సరిగా పోలేదు. నీళ్లు నేనే పోశాను, వచ్చీరాని చేతులతో. చిన్నది కేకలు పెట్టేది. గదిలో అత్తమ్మ చెవులు రిక్కించి కూర్చునేది, లేచి వచ్చేది కాదు.

ఈమధ్య భైంసా నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. మా తొట్టి కంటే పెద్దది పెడతాడట, పువ్వులతో సహా. మామయ్యకు ఉత్సాహం ఆగలేదు. రాళ్లు ఎక్కడివి తెప్పించాలో, ఏ లారీతో నీళ్లు వస్తాయో అన్నీ చెప్పారు. నేను చాయ్ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. చివరికి ఊదు దగ్గరికి వచ్చారు. సేటు ముఖం చిన్నబోయింది.

"అరే సార్, మా ఆయి ఊదు లేకుండ పూజ జెయ్యదు." ఆయి అంటే వాళ్ల తల్లి. "ఏం ఫికర్ లేదు. ఆయిని తమ్ముని ఇంటికి తోలిస్తా. ఆమె అర్రలనే తొట్టి పెడ్త."

మామయ్య కాస్త ఇబ్బందిగా కదిలారు కానీ వద్దనలేదు. వంటింట్లో అత్తమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో తెలియని ఒక ముసలామె మూట సర్దుకుంటోంది, భైంసాలో, నేనాడిన అబద్ధానికి. గుమ్మం వదిలి లోపలికి వచ్చాను.

"ఊదు కాదు మామయ్యా," అన్నాను. "రాగి. నేనే వోసిన. రాగి బిందెల నీళ్లు."

మామయ్య కళ్లజోడు తీశారు. "ఎన్ని దినాలు?"

"మీరు వరంగల్‌ల ఉన్నన్ని దినాలు."

"బిందె దేంతోని తోమినవ్?"

"చింతపండుతోని."

ఆయన నుదురు కొట్టుకున్నారు. తిడతారని తల వంచుకున్నాను. తల ఎత్తి చూస్తే ముఖం వెలిగిపోతోంది, ఏళ్ల తరబడి కుదరని లెక్క కుదిరినవాడిలా. "నేను అనుకున్న! సూడు సేట్, నీళ్లు ఆవిరైతయి, రాగి పోదు. రోజింత, రోజింత జమైతది. చింతపండుతోని తోమితె ఇంకింత దిగుతది. అందుకే చేపలకేం గాలే! గా రాళ్లు గూడ రాగి తాగి ఉంటయి, మళ్ల పనికి రావు, తీసెయ్యాలె." నేను అబద్ధం చెప్పిన సంగతి ఆయనకు తట్టనేలేదు. తట్టినా, రాగి ముందు అది చిన్నదైపోయింది.

"అయితె మా ఆయి ఇంట్లనే ఉండచ్చా?" అన్నాడు సేటు. అందరం నవ్వాం.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె.

"పిల్లా. ఆనాడు సారు అడిగితె ఎందుకు చెప్పకపోతివి?"

"భయమైంది అత్తమ్మా."

"గంతేనా?"

నా కళ్లలోకి చూస్తోంది. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"గంతే," అన్నాను.

"నీ బిందె పాడుగాను! గిన్నేండ్లు నన్ను ఖూనీకోరును జేస్తివి గదనే," అంది. గరిటె ఊపుతూ వంటింట్లోకి పోయింది. లోపల చాలాసేపు తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వచ్చి, నా చేతిలోంచి చిన్నదాన్ని లాక్కుంది. కాళ్లు చాపింది. ఆ చేతుల కింద నా బిడ్డ కేక పెట్టలేదు. ఆమె రెండు చేతులూ మళ్లీ ఆమెవైపోయాయి. అది చూసి నేను ఏడ్చాను, సంతోషంతోనే.

తర్వాత కుంపటి వచ్చింది.

ఇప్పుడు రోజూ మా ఇంట్లో ఊదు పొగ. చిన్నది దగ్గుతుంది. నేను తలుపు చాటున నిలబడి, అత్తమ్మ నిప్పుల మీద ఎంత చల్లుతోందో కళ్లతోనే కొలుస్తూ, ఊపిరి బిగబట్టుకుంటున్నాను. అదే గుమ్మం, అదే భయం, అవే నాలుగు మాటలు. మామయ్య కొత్త పువ్వు తెప్పిస్తున్నారు. మొన్నయితే, అది కుదురుకునేదాకా పొగ ఆపుదామా అని ఆయనతో అనబోయి నాలుక కొరుక్కున్నాను. చూశారా? నేనేమీ మారలేదు.

రాగి సంగతి చెప్పినందుకు ఇంట్లో నన్ను మంచిదాన్ని చేసేశారు. ధైర్యంగా ఒప్పుకుందని నా భర్త కూడా మెచ్చుకున్నాడు. నేను ఒప్పుకున్నది పొరపాటును. తప్పును కాదు. తప్పు బిందెలో లేదు. తెలిసి తెలిసీ ఒక మనిషి మీదికి ఒక వాక్యాన్ని తోయడంలో ఉంది. భయంతో కాదు, అవసరానికి. ఆమెకు ఎదురుగా ఒక చిన్న మాట అనలేక, ఆమె ఇష్టపడ్డ పువ్వును ఆమే చంపిందని నమ్మనిచ్చాను. పొగ వద్దంటే ఆమె ఏమనేది? ఒకరోజు అలిగేది. రెండు రోజులు దెప్పేది. బీఎస్సీ చదివిన కోడలొచ్చిందని వీధిలో చెప్పుకునేది. అంతే కదా? ఆ రెండు రోజుల దెప్పుళ్లు పడలేక ఆమె దగ్గర్నుంచి ఇన్నేళ్లు లాక్కున్నాను.

కాబట్టి తొట్టి పెట్టుకునేవాళ్లకు నా సలహా ఇది. రాగిని దగ్గరికి రానివ్వకండి, ఎంత మెరిసినా సరే. ఏదైనా చస్తే, ముందు నీళ్లను అనుమానించండి, ఆ తర్వాత మిమ్మల్ని. ఇంట్లో ముసలివాళ్లను అన్నిటికన్నా చివర. మీ ఇంట్లో ఎవరి మీదైనా, తొట్టికి ఏ సంబంధమూ లేని కోపం ఏదైనా ఉంటే, దాన్ని తొట్టి పెట్టకముందే వాళ్లకే చెప్పి తీర్చుకోండి.

మా ఇంటికి ఈ పత్రిక వస్తుంది. అత్తమ్మకు కంట్లో పొర వచ్చినప్పటి నుంచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే చదివి వినిపిస్తాను. కథలకంటే ఆమెకు ఇలాంటివే ఇష్టం, పేరు చెప్పకుండా ఎవరో తమ తప్పు చెప్పుకునేవి. "గిది ఎవ్వతో మన దిక్కుదే," అని ఊహిస్తూ వింటుంది. పేజీ తిప్పేద్దామంటే కుదరదు, చప్పుడును బట్టి పట్టేస్తుంది. దీన్ని అచ్చువేస్తే, అత్తమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుంటుంది, ఎదురుగా నేను కూర్చుని మొదటి వాక్యం నుంచి చదవాలి. నా గొంతుతోనే. పేరు లేకపోయినా సముద్రపు పువ్వు మా జిల్లాలో ఎన్ని ఇళ్లలో చచ్చింది?

ఆమె ఏమంటుందో నాకు తెలియదు. క్షమిస్తుందని అనుకోవడం లేదు, అడగడమూ లేదు. మధ్యలో ఆపమన్నా ఆపను. అత్తమ్మా, పొగ కొంచెం తగ్గించండి. చిన్నది దగ్గుతోంది. ఇదిగో, రాశాను. ఇక చదవడమే.

ఎందుకో బాగా ఆకలేస్తోంది.